అంబాసిడర్ పాత ఎస్‌యూ కార్బొరేటర్: మార్చాలా, బాగుచేయించాలా?

ఆమదాలవలస నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ నాన్నగారి 1978 అంబాసిడర్ మార్క్ 3 ఇంట్లో ఉంది. పెట్రోల్ ఇంజన్, దాని మీద ఎస్‌యూ కార్బొరేటర్, అంటే గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కు పంపే సామాను. నెలకు రెండు మూడు సార్లు శ్రీకాకుళం దాకా తిప్పుతారు. పొద్దున్న చోక్ లాగి చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ స్టార్ట్ అవదు. స్టార్ట్ అయ్యాక స్లోలో నిలబడదు, ఏడు రోడ్ల జంక్షన్‌లో బ్రేక్ వేస్తే ఆగిపోతుంది. అందుకని మెకానిక్ ఐడిల్ స్క్రూ బాగా లోపలికి బిగించాడు, మిక్స్చర్ కూడా, అంటే గాలిలో కలిసే పెట్రోల్ పాలు, పెంచాడు. ఇప్పుడు నల్ల పొగ, బండిలో పెట్రోల్ వాసన, లీటరుకు ఏడు కిలోమీటర్లు. యాక్సిలరేటర్ నొక్కితే ఒక్క క్షణం గుటక మింగినట్టు ఆగి అప్పుడు కదులుతోంది. ఒక మెకానిక్ మారుతి 800 కార్బొరేటర్ బిగిద్దామన్నాడు. ఇంకొకాయన కొత్తది డూప్లికేట్ తెప్పిస్తానన్నాడు. "ఏది వేయించమంటారు? పాతది బాగుచేస్తే నిలుస్తుందా?" అని ప్రశ్న.

పాతదాన్నే బాగుచేయించండి. మారుతిది వద్దు, డూప్లికేటూ వద్దు. బాడీ పగలకుండా, పైన ఉన్న గంట లాంటి చాంబర్ సొట్ట పడకుండా ఉంటే ఎస్‌యూ కార్బొరేటర్ ఎన్నేళ్ళదైనా బాగవుతుంది. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే కార్బొరేటర్ చచ్చిపోయిందని నాకు అనిపించడం లేదు. ఎక్కడో గాలి లీకవుతోంది. ఆ లీకును పెట్రోల్ పెంచి కప్పిపెట్టారు. మీ బండి కథ ఇంతే అని నా అంచనా.

నేను విజయనగరంలో ముప్పై ఏళ్ళకు పైగా షెడ్డు నడుపుతున్నాను. పని నేర్చుకున్నది సాలూరులో, లారీల దగ్గర. సాలూరంటే లారీల ఊరని మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్కడ డీజిల్ పని నేర్చాక విజయనగరం వచ్చి అంబాసిడర్లు, ఫియట్‌లు పట్టుకున్నాను. అప్పట్లో టాక్సీ స్టాండు నిండా అంబాసిడర్లే. ఇప్పుడు ఏడాదికి పది, పన్నెండు వస్తే గొప్ప. వచ్చిన ప్రతిదాన్నీ నిదానంగా చూస్తాను, ఎందుకంటే ఇవి ఇక తయారు కావు. 2014 మేలో ఉత్తరపాడా ఫ్యాక్టరీ ఆగిపోయింది.

ముందు ఈ వస్తువు ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. అది తెలిస్తే మెకానిక్ ఏం చేస్తున్నాడో మీరే పక్కన నిలబడి పట్టుకోగలరు. ఫియట్ మీద ఉండే సోలెక్స్ లాంటి వాటిలో గాలి దారి సైజు మారదు, అందుకని స్లోకి ఒక జెట్టు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం), స్పీడుకి ఒక జెట్టు, పికప్‌కి ఒక పంపు ఉంటాయి. ఎస్‌యూలో జెట్టు ఒక్కటే. ఇంజన్ పీల్చేకొద్దీ గంట లోపలి పిస్టన్ పైకి లేస్తుంది. దాని అడుగున బిగించిన సన్నటి నీడిల్ కూడా జెట్టులోంచి పైకి వస్తుంది. నీడిల్ కిందికి పోనుపోను సన్నబడుతుంది కాబట్టి ఎంత లేస్తే అంత పెట్రోల్ వస్తుంది. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. ఇంగ్లండ్‌లో చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ కుటుంబం వాళ్ళది. తొలి రోజుల్లో పిస్టన్‌కు బదులు తోలు తిత్తి పెట్టారు. మన కమ్మరి కొలిమి తిత్తిని గుర్తు చేసుకుంటే చాలు, ఈ కార్బొరేటర్ మొత్తం అర్థమైపోతుంది.

ఇందులో అరిగేవి చాలా తక్కువ: నీడిల్, జెట్టు, ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే బుడ్డి) పైన మూతలో ఉండే వాల్వ్, త్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే రేకు తిరిగే ఇరుసు). అంతే. అందుకే పారేయకండి అంటున్నాను.

ఇక మారుతి కార్బొరేటర్ సంగతి. అది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ కోసం జెట్లు లెక్క కట్టి చేసిన సామాను. మీది 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. మధ్యలో ఒక ప్లేటు చేయించి బిగిస్తారు. ఊళ్ళో తిరిగినంతసేపు బాగానే ఉంటుంది, మైలేజీ కూడా పెరిగినట్టు కనిపిస్తుంది. హైవే ఎక్కి అరవై దాటించగానే ఊపిరి అందదు. పెట్రోల్ చాలక ఇంజన్ లోపల వేడెక్కుతుంది. ఆ ప్లేటు దగ్గర ప్యాకింగ్ ఆరు నెలలకే గాలి లీకవుతుంది, మళ్ళీ మొదటికి వస్తారు. నేను కూడా కస్టమర్ల బలవంతం మీద నాలుగైదు బళ్ళకు బిగించాను. రెండు బళ్ళవాళ్ళు ఏడాదిలోపే పాతది మళ్ళీ పెట్టమని తిరిగొచ్చారు. ఒకాయన అప్పటికే పాతదాన్ని తుక్కుకు అమ్మేశాడు. దాని కోసం మేం తిరగని షెడ్డు లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. మీ బండికి 2028లో యాభై నిండుతాయి. అలా రిజిస్టర్ చేయిస్తే రోజువారీ తిప్పుకోవడం కుదరదు కాబట్టి చేయిస్తారో లేదో మీ ఇష్టం. చేయించినా మానినా, నాన్నగారి బండి మీద ఆయన వాడిన కార్బొరేటరే ఉండడం వేరు కదా.

కార్బొరేటర్ విప్పే ముందు ప్లగ్గులకు వచ్చే కరెంటు చూడండి. ఇది నేను ప్రతి ఒక్కరికీ చెప్పే మాట. కార్బొరేటర్ పోయిందని నా దగ్గరకు వచ్చే బళ్ళలో సగానికి సగం అసలు కార్బొరేటర్ జబ్బు కాదు. చీపురుపల్లి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. ఆయన బండికి అప్పటికి మూడు సార్లు కార్బొరేటర్ విప్పి బిగించారు, ఒకసారి మార్చారు కూడా. వేడెక్కితే మిస్సింగ్, ఆపితే మళ్ళీ స్టార్ట్ అవదు. "ఏటి బాబూ, దీనికి మరి మందు లేదా?" అన్నారు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే పాయింట్లు నల్లగా కాలిపోయి ఉన్నాయి. కండెన్సర్ పోయింది. కండెన్సర్ మార్చి, పాయింట్ల గ్యాపు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెట్టి, ప్లగ్గుల గ్యాపు 25 థౌ పెట్టి పంపించాను. అరగంట పని. అంతకు ముందు ఆయన పెట్టిన ఖర్చు వింటే నాకే కష్టంగా అనిపించింది.

కాబట్టి వరసగా పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, టైమింగ్, టాపెట్లు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే కార్బొరేటర్ మీద చెయ్యి వేయాలి. ఎయిర్ ఫిల్టర్ కూడా ఒకసారి విప్పి చూడండి. మూసుకుపోయిన ఫిల్టర్ ఒక్కటే నల్ల పొగ తెప్పించగలదు.

ఇప్పుడు మీ బండికి వద్దాం. స్లోలో నిలబడకపోవడం, నల్ల పొగ రెండూ కలిసి ఎందుకు వస్తున్నాయి? స్లోలో నిలబడని బండికి మామూలుగా గాలి ఎక్కువ. నల్ల పొగ వచ్చే బండికి పెట్రోల్ ఎక్కువ. రెండూ ఒకే బండిలో కనిపిస్తే, ముందు గాలి లీకు మొదలైంది, తర్వాత ఎవరో దాన్ని సర్దడానికి జెట్టు నట్టు కిందికి దించారు అని అర్థం. మెకానిక్ మిక్స్చర్ పెంచాడని మీరే రాశారు కూడా. స్లోలో లీకయ్యే గాలి, పెంచిన పెట్రోల్ కలిసి ఎలాగో నడిచిపోతుంది. రోడ్డు మీద త్రాటిల్ తెరిచాక ఆ లీకు గాలి లెక్కలోకి రాదు, పెంచిన పెట్రోల్ మాత్రం అలాగే ఉంటుంది. పొగ, వాసన, ఏడు కిలోమీటర్ల మైలేజీ అక్కడి నుంచే వస్తున్నాయి.

లీకు ఎక్కడుంటుంది? పాత ఎస్‌యూలో నూటికి తొంభై త్రాటిల్ స్పిండిల్ దగ్గరే. ఇంజన్ ఆపి, స్పిండిల్ కొనను వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ కదిలించి చూడండి. ఆడుతుంటే అరిగిపోయినట్టే. ఇంజన్ స్లోలో ఉండగా ఆయిల్ డబ్బాతో స్పిండిల్ రెండు చివరలా రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ వేయండి. ఇంజన్ శబ్దం మారి కాసేపు నిలకడగా నడిస్తే లీకు దొరికినట్టే. పెట్రోల్ చల్లి చూసేవాళ్ళున్నారు, ఆ పని మాత్రం చేయకండి. కింద ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కాలుతూ ఉంటుంది. నా షెడ్డులో అలా మంట లేవడం కళ్ళారా చూశాను. అదృష్టం కొద్దీ తడిగోనె దగ్గరలో ఉంది.

స్పిండిల్ అరిగితే లేత్ పని చేయించాలి. కొత్త స్పిండిల్ ఒక్కటే వేస్తే చాలదు, ఎందుకంటే బాడీ రంధ్రం కూడా కోలగా అరిగి ఉంటుంది. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి ఇత్తడి బుష్‌లు కొట్టించి, స్పిండిల్‌కి సరిపడా రీమర్ ఆడించాలి. రెండు వైపులా రంధ్రాలు ఒకే గీతలో రాకపోతే త్రాటిల్ పట్టేస్తుంది, కాబట్టి ఓపిక ఉన్న లేత్ మేస్త్రీని వెతుక్కోండి. నేను ఈ పనికి ఇప్పటికీ సాలూరు పంపిస్తాను. త్రాటిల్ రేకును పట్టే రెండు చిన్న స్క్రూల చివరలు చీలి విచ్చుకుని ఉంటాయి. విప్పాక అవి మళ్ళీ వాడకూడదు. కొత్తవి వేసి చివరలు విచ్చాలి, లేకపోతే ఊడి నేరుగా ఇంజన్‌లోకి పోతాయి.

స్పిండిల్ బాగుంటే మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి ఇంజన్‌లోకి పోయే గొట్టం) ప్యాకింగ్ చూడండి. కార్బొరేటర్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య ఇన్సులేటర్ దిమ్మ ఉంటుంది. వేడి పైకి పాకకుండా అది ఆపుతుంది. కొందరు విప్పినప్పుడు అది అడ్డమని పారేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో వేడి మీద స్టార్ట్ కాని బళ్ళు చాలావరకు ఆ దిమ్మ లేనివే.

గుటక మింగినట్టు ఆగడం గురించి. పైన గంట మీద నల్ల మూత విప్పి, లోపల ఆయిల్ ఉందో లేదో ఈరోజే చూడండి. యాక్సిలరేటర్ ఒక్కసారి నొక్కినప్పుడు పిస్టన్ ఎగిరిపోకుండా ఆ ఆయిల్ పట్టి ఉంచుతుంది. ఆ క్షణం కాస్త ఎక్కువ పెట్రోల్ వస్తుంది, పికప్ వస్తుంది. ఆయిల్ లేకపోతే పిస్టన్ చటుక్కున లేచి గాలి ఎక్కువైపోతుంది. మామూలు పల్చటి ఇంజన్ ఆయిల్ చాలు, లోపల కనిపించే పిస్టన్ బోలు రాడ్డు పైఅంచు మీద అరంగుళం దాకా పోయండి. ఒకసారి పాచిపెంట దాటి సుంకి ఘాట్ ఎక్కలేక వెనక్కి వచ్చిన బండి నా దగ్గరకు వచ్చింది. వాళ్ళు ఇంజన్ బోర్ చేయించాలని మాట్లాడుకుంటున్నారు. మూత విప్పితే లోపల చుక్క ఆయిల్ లేదు. ఆయిల్ పోసి అదే రోజు సాయంత్రం మళ్ళీ ఘాట్ ఎక్కించాం.

మూత తీసినప్పుడే ఇంకో పరీక్ష చేయండి. ఎయిర్ ఫిల్టర్ విప్పి, వేలితో పిస్టన్‌ను పైకి లేపి వదలండి. ఎక్కడా పట్టకుండా జారి "టక్" మని శబ్దం రావాలి. టక్ వినపడకపోతే నీడిల్ జెట్టుకు రాసుకుంటోంది, లేదా పిస్టన్ గంటకు రాసుకుంటోంది. జెట్టు కింది పెద్ద నట్టు కొంచెం వదులు చేసి, జెట్టును పూర్తిగా పైకి తోసి, పిస్టన్‌ను కిందికి నొక్కి పట్టి నట్టు బిగిస్తే జెట్టు మధ్యకు వస్తుంది. మళ్ళీ టక్ విని చూసుకోవాలి. రెండు మూడు సార్లు చేస్తే గానీ కుదరదు, విసుక్కోకండి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. పని కొత్తలో ఒక బండి పిస్టన్ పట్టేస్తోందని ఎమరీ కాగితంతో రుద్దాను. బాగా మెరిసింది. ఆ తర్వాత ఆ కార్బొరేటర్ ఎప్పటికీ సరిగ్గా పనిచేయలేదు. పిస్టన్‌కీ గంటకీ మధ్య ప్యాకింగ్ ఉండదు. ఆ సన్నటి సందే ప్యాకింగ్. అవి రెండూ జతగా వచ్చినవి. ఒకదాని గంట ఇంకొకదానికి వేయకూడదు, ఎమరీ తాకించకూడదు, పిస్టన్ పక్కల మీద ఆయిల్ రాయకూడదు. పెట్రోల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. విప్పే ముందు గంట మీద, బాడీ మీద కలిపి ఒక గీత పెట్టుకోండి, బిగించేటప్పుడు అదే చోట కూర్చోవాలి.

పెట్రోల్ వాసన, పొద్దున్న మొండి స్టార్టింగ్‌కు రెండు చోట్లు చూడాలి. మొదటిది చోక్. ఈ కార్బొరేటర్‌లో చోక్ లాగితే గాలి మూసుకోదు, జెట్టు కిందికి దిగుతుంది. నాబ్ లోపలికి తోశాక జెట్టు పూర్తిగా పైకి తిరిగొచ్చి నట్టుకు ఆనాలి. కేబుల్ తుప్పు పట్టి జెట్టు సగంలో ఆగిపోతే ఎప్పుడూ చోక్ లాగి నడిపినట్టే. ఒకరు నాబ్ తోస్తుండగా మీరు కింది నుంచి చూడండి. రెండోది ఫ్లోట్ వాల్వ్. ఫ్లోట్ మూత విప్పి తలకిందులుగా పట్టుకుంటే, ఫ్లోట్ లీవరుకీ మూత అంచుకీ మధ్య ఎనిమిదో వంతు అంగుళం డ్రిల్ బిట్ దూరాలి. వాల్వ్ కొన అరిగి గీత పడితే మార్చేయండి. ఫ్లోట్ చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోల్ చేరిందేమో తెలుస్తుంది.

నీడిల్ కూడా తీసి వెలుతురుకు పట్టి చూడాలి. ఒక పక్క మెరుపు గీత కనిపిస్తే అరిగింది. జెట్టు రంధ్రం కోలబడిందేమో భూతద్దంతో చూడండి. అరిగితే రెండూ కలిపి మార్చాలి. నీడిల్ పైభాగం మీద అక్షరాలు చెక్కి ఉంటాయి, అవే అక్షరాలున్నది తెచ్చుకోవాలి. కిట్టు కొనేటప్పుడు ఇక్కడే మోసపోతారు. బజార్లో దొరికే చవక కిట్టుల్లో నీడిల్ మీద ఏ అక్షరాలూ ఉండవు. అలాంటిది వేస్తే ఎంత ట్యూన్ చేసినా ఒక స్పీడులో పొగ, ఇంకో స్పీడులో మిస్సింగ్. మంచి సామాను కావాలంటే ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీలోని బర్లెన్ కంపెనీ ఎస్‌యూ భాగాలు ఇప్పటికీ తయారు చేస్తోంది. ఖరీదు ఎక్కువే, అయినా నీడిల్, జెట్టు, వాల్వ్ మూడూ తెప్పించుకుంటే ఇంకో ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు.

ఇప్పుడు పెట్రోల్ గురించి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ 2023 నుంచి బంకుల్లోకి వచ్చింది, 2025కల్లా దాదాపు ప్రతి చోటా అదే. మీ బండి పుట్టినప్పుడు ఈ పెట్రోల్ లేదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, టాంకు గోడల మీద పేరుకున్న మురికిని కదిలిస్తుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది. సముద్రం గాలి తగిలే మన జిల్లాల్లో ఆ చివరిది చాలా ముఖ్యం. నెలకు రెండుసార్లు తిరిగే బండిలో టాంకు సగం ఖాళీగా ఉంటే లోపల తేమ చేరుతుంది. నేను చేసేది ఇది: పెట్రోల్ పైపులన్నీ తీసేసి ఇథనాల్‌ను తట్టుకునే, ఆర్9 అని ముద్ర ఉన్న పైపు వేస్తాను, ఫ్లోట్ వాల్వ్ కూడా ఇథనాల్‌ను తట్టుకునే వైటన్ రబ్బరు కొన ఉన్నది వేస్తాను, పెట్రోల్ పంపు డయాఫ్రమ్ మారుస్తాను, పంపుకు ముందు ఒక చిన్న ఫిల్టర్ పెడతాను. జెట్టు కింద నైలాన్ పైపుకు ఉండే రబ్బరు వాషర్ కూడా మార్చాలి. చాలామంది దాన్ని మరచిపోతారు, సరిగ్గా అక్కడే కారుతుంది.

తేమ ఏం చేస్తుందో చెప్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా. ఆ తర్వాత కొన్ని నెలలకు అటువైపు నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి బండి వచ్చింది. షెడ్డు మీద చెట్టు పడి బండి వానలో నానింది. అప్పటికి రెండుసార్లు కార్బొరేటర్ కడిగించారు, రెండు రోజులు నడిచి మళ్ళీ ఆగిపోతోంది. ఫ్లోట్ గిన్నె విప్పితే అడుగున తెల్లటి సున్నం లాంటి ముద్ద. అల్యూమినియం నీళ్ళకు తిని అలా అవుతుంది. టాంకు దింపి చూస్తే లీటరు పైగా నీళ్ళు, ఎర్రటి తుప్పు. టాంకు కడగకుండా కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా అదే మురికి మళ్ళీ వస్తుంది. మీరు కూడా ముందు ఒక గాజు సీసాలో టాంకు పెట్రోల్ పట్టి పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి. అడుగున వేరే పొర కనిపిస్తే టాంకు దింపాల్సిందే.

కడగడానికి పెట్రోల్ గానీ కార్బొరేటర్ క్లీనర్ గానీ వాడండి. నైలాన్, రబ్బరు భాగాలు విడిగా తీసిపెట్టి బాడీని మాత్రమే నానబెట్టాలి. జెట్టులో ఇనుప తీగ పెట్టి పొడవొద్దు, ఇత్తడి మెత్తన, గీత పడుతుంది. టైర్ల షాపు దగ్గర గాలి కొట్టించండి చాలు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైరు తీసేయండి, చుట్ట బీడీలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు, వంటింటి పక్కన అసలు చేయకండి.

అంతా బిగించాక ట్యూనింగ్. జెట్టు నట్టును పైకి తిప్పి జెట్టు అంచును లోపలి నేలకు సమానంగా తెచ్చి, అక్కడి నుంచి పన్నెండు పలకలు, అంటే రెండు పూర్తి చుట్లు కిందికి దింపండి. ఇంజన్ బాగా వేడెక్కాక, పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను చాలా కొద్దిగా, గోరు మందం కూడా కాకుండా లేపండి. ఇంజన్ స్పీడు కాస్త పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ, నట్టు ఒక పలక పైకి. ఆగిపోబోతే పెట్రోల్ తక్కువ, ఒక పలక కిందికి. ఒక్కో పలకే తిప్పండి, ప్రతిసారీ ఒకసారి యాక్సిలరేటర్ ఇచ్చి వదిలి, తర్వాత చూడండి. కిలో పెట్రోల్ కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు తొమ్మిదే చాలు. అందుకని ఈ20కి పాత సెట్టింగ్ కంటే ఒకటి రెండు పలకలు కిందికి రావడం మామూలే, కంగారు పడకండి. ఈ సర్దుబాటు చేత్తో చేసుకోగలగడం ఎస్‌యూలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

ఎప్పుడు మార్చాలి? బాడీ పగిలితే, గంట సొట్టపడి పిస్టన్ పట్టేస్తే, లేదా ఇంతకు ముందెవరో ఎమరీ రుద్ది ఉంటే. అప్పుడు కూడా అదే సైజు ఎస్‌యూనే వెతకండి. మీదాని పేరు హెచ్‌ఎస్2 అయితే గొంతు అంగుళంపావు. పాత బళ్ళు విప్పేవాళ్ళ దగ్గర గంట, పిస్టన్ జతగా ఉన్నది తీసుకోండి, విడివిడిగా ఇస్తామంటే వద్దనండి.

ముందు ఆ గంటలో ఆయిల్ చూసి, స్పిండిల్ ఊపి చూసి, చోక్ కేబుల్ తోసి ఏం కనిపించిందో రాయండి. ఈ మూడింటికీ రూపాయి ఖర్చు లేదు. పని అయ్యాక శ్రీకూర్మం దాకా ఒకసారి పోయి వచ్చి, ఇంటికి చేరగానే ఇంజన్ ఆపి నాలుగు ప్లగ్గులూ విప్పండి. ఇటుక రంగులో గానీ లేత గోధుమ రంగులో గానీ ఉంటే అలాగే వదిలేయండి. నల్లటి మసి ఉంటే ఒక పలక పైకి, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఒక పలక కిందికి. రంగు ఏమిటో చెప్తే మిగతాది నేను చెప్తాను.